పెరట్లో ఎండుటాకులు, కొమ్మలు తగలబెట్టొచ్చా? రూల్ అసలు ఏం చెప్తోంది?

పెరటిమామిడి

నమస్కారం అండి అందరికీ. మాది గోదావరి జిల్లాల వైపు ఒక మున్సిపల్ టౌన్ శివారు, తాతగారి నాటి ఇల్లు, చుట్టూ జాగా బాగానే ఉంది. రెండు మామిడి, ఒక వేప, ఒక బాదం, గోడ పొడుగునా కొబ్బరి చెట్లు, వీధి వైపు గన్నేరు. శివరాత్రి వెళ్ళిందంటే బాదం, వేప రెండూ పోటీలు పడి ఆకు రాలుస్తాయి, పొద్దున ఊడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ నేల కనపడదు, దానికి తోడు కొబ్బరి మట్టలు, విరిగిన కొమ్మలు. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో పద్ధతి ఏంటంటే ఒక మూల పోగేసి చీకటి పడే టైముకి అంటించడం, దోమలు కూడా పోతాయని అమ్మ అంటుంది.

ఇప్పుడు పక్కన నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ వచ్చింది. మొన్న పై ఫ్లోర్ వాళ్ళు వచ్చి మా బాబుకి ఆయాసం ఉంది, మీ పొగంతా మా బాల్కనీలోకే వస్తోంది, ఆపకపోతే మున్సిపాలిటీకి కంప్లైంట్ ఇస్తాం అన్నారు. మర్యాదగానే చెప్పారు, నాకు వాళ్ళ మీద కోపం ఏమీ లేదు, కానీ అసలు రూల్ ఏంటో తెలుసుకుందామని అడుగుతున్నా. మన గోడ లోపల మన చెట్ల ఆకులు కాల్చుకుంటే తప్పా? ఫైన్ ఉంటుందా, ఎంత? చెత్త బండి వాళ్ళని అడిగితే ఆకులు మాకొద్దు, తడి చెత్త పొడి చెత్త మాత్రమే అంటున్నారు. మరి ఎక్కడ పెట్టాలి ఇదంతా?

ఇంకోటి, మాకు పల్లెలో ఎకరంన్నర కొబ్బరి తోట ఉంది, అది పంచాయతీ కింద. అక్కడ కూడా ఇదే రూలా? మా బావగారు అమెరికాలో అట్లాంటా దగ్గర ఉంటారు, మేం మా యార్డులో లీగల్‌గానే కాల్చుకుంటాం అంటారు, అక్కడ లేని ఇబ్బంది ఇక్కడెందుకు అని ఆయన వాదన. తెలిసినవాళ్ళు చెప్పండి.

శానిటేషన్_డ్యూటీ

నేను వేరే జిల్లాలో ఒక మున్సిపాలిటీలో శానిటేషన్ సైడ్ పనిచేస్తున్నా అండి, రోజూ ఈ పంచాయితీలే కాబట్టి కొంచెం వివరంగా రాస్తా.

2016 ఏప్రిల్‌లో కేంద్రం సాలిడ్ వేస్ట్ మేనేజ్‌మెంట్ రూల్స్ అని తెచ్చింది, 2026 ఏప్రిల్ 1 నుంచి వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి, అప్పటిదాకా నడిచినవి ఇవే. అందులో నాలుగో రూల్ మొత్తం చెత్త పుట్టించే మనలాంటి ఇళ్ళవాళ్ళ బాధ్యతల గురించే. ఎవరూ తమ చెత్తని వీధుల్లో, తమ ఆవరణ బయట ఖాళీ జాగాల్లో, కాలవల్లో, చెరువుల్లో పడేయకూడదు, కాల్చకూడదు, పూడ్చకూడదు అని అందులో ఉండేది. తోట చెత్త గురించి అదే రూల్‌లో విడిగా చెప్పారు, ఆకులు కొమ్మలు ఇంటి చెత్తలో కలపకుండా మన ఆవరణలోనే వేరుగా పెట్టుకుని మున్సిపాలిటీ ఎలా చెప్తే అలా డిస్పోజ్ చేయాలని.

ఇప్పుడు మీరడిగిన గోడ లోపల సంగతి. ‘ఆవరణ బయట’ అనే మాట పట్టుకుని లోపల కాల్చుకోవచ్చు కదా అని మా దగ్గర కూడా చాలామంది వాదిస్తారు. కానీ 2016 డిసెంబర్ 22న పర్యావరణ కేసులు చూసే నేషనల్ గ్రీన్ ట్రైబ్యునల్ అల్మిత్రా పటేల్ కేసులో ఇచ్చిన ఆర్డర్ చూడండి, దేశమంతటా నేల మీద చెత్తని బహిరంగంగా కాల్చడం పూర్తిగా నిషేధం అని చెప్పింది, మామూలుగా కాలిస్తే 5,000, పెద్ద మొత్తంలో కాలిస్తే 25,000 రూపాయలు కట్టాలి. అందులో మీ గోడ, మా గోడ అనే తేడా పెట్టలేదు. పైగా పొగ గోడ దాటి వెళ్ళి పక్కవాళ్ళకి ఇబ్బంది అయితే అది న్యూసెన్స్ కిందకి వస్తుంది, దానికి వేరే సెక్షన్లు ఉన్నాయి. కాబట్టి టౌన్‌లో అయితే జవాబు ఒక్కటే అండి, కాల్చకూడదు. ఆచరణలో మా దగ్గర మొదటిసారే ఫైన్ రాయం, ముందు చెప్పి చూస్తాం, వినకపోతే రాస్తాం.

కానీ చెత్త బండి వాళ్ళు ఆకులు తీసుకోం అనడం కూడా కరెక్ట్ కాదు. తోటల చెత్తని విడిగా సేకరించి వీలైనంత వరకు పార్కుల్లోనే కంపోస్ట్ చేసే ఏర్పాటు చేయాల్సిన బాధ్యత లోకల్ బాడీ మీద, అంటే మున్సిపాలిటీ మీద, అవే రూల్స్ పెట్టాయి. రోజూ వచ్చే ఆటోలో నిజంగానే చోటుండదు, ఆకులు బరువు తక్కువ, జాగా ఎక్కువ తింటాయి, అందుకే కార్మికులు వద్దంటారు. మీ వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీ ఉంటారు, వాళ్ళని కలిసి ఒక అర్జీ రాసివ్వండి, ఆకులు గోనెసంచుల్లో కట్టి పెడతాం, వారానికోసారి ట్రాక్టర్ పంపించండి అని. మీ ఒక్క ఇల్లు కాకుండా వీధిలో నాలుగిళ్ళు కలిసి సంతకాలు పెట్టిస్తే పని తొందరగా అవుతుంది.

కాలవగట్టు

రూల్స్ వినడానికి బానే ఉన్నాయి బ్రదర్, కానీ మా వీధిలో ఊడ్చేవాళ్ళే ఆకులన్నీ కాలవ పక్కన పోగేసి అగ్గిపుల్ల గీసి వెళ్ళిపోతున్నారు, అందులో కవర్లు, గుట్కా ప్యాకెట్లు, థర్మాకోల్ ప్లేట్లు అన్నీ ఉంటాయి, ఆ వాసనకి గొంతు మండుతుంది. వాళ్ళకి లేని రూల్ ఇంటివాడికి ఎందుకు? ముందు వాళ్ళ చేత ఆపించి తర్వాత మాకు చెప్పమనండి. ఇది గొడవ కోసం అనట్లేదు, నిజంగా ఒళ్ళు మండిపోయి రాస్తున్నా.

శానిటేషన్_డ్యూటీ

మీ కోపం న్యాయమైనదే అన్నా. వాళ్ళకీ రూల్ ఉంది. వీధులు ఊడ్చేవాళ్ళు చెట్ల ఆకులు కాల్చకుండా విడిగా ఉంచి సేకరించేవాళ్ళకి అప్పగించేలా లోకల్ బాడీయే ఆదేశాలివ్వాలని ఆ 2016 రూల్స్‌లోనే రాశారు. అలా జరగకపోతే స్వచ్ఛతా యాప్‌లో చెత్త తగలబెడుతున్నారు అని కంప్లైంట్ పెట్టే ఆప్షన్ ఉంటుంది, ఫొటో లొకేషన్‌తో పెట్టండి. ఒక్కటే రిక్వెస్ట్, ఊడ్చే ఆవిడ మొహం కనపడేలా ఫొటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఆవిడకి ఒక బీట్ ఇచ్చి, తోపుడు బండి సరిగ్గా లేకుండా, ఎత్తుకెళ్ళే ట్రాక్టర్ ఎప్పుడొస్తుందో తెలీకుండా మధ్యాహ్నం లోపు రోడ్డు క్లీన్‌గా ఉండాలంటే ఆవిడ ఏం చేస్తుంది? ఆ కుప్ప ఎత్తే బండి పంపాల్సింది పైవాళ్ళు, కంప్లైంట్ వాళ్ళకి తగలాలి.

ఇంకో సంగతి, 2019లో మొదలైన నేషనల్ క్లీన్ ఎయిర్ ప్రోగ్రామ్ లిస్టులో ఆంధ్రాలో 13 టౌన్లు ఉన్నాయి, రాజమండ్రి, ఏలూరు, విజయవాడ, గుంటూరు, వైజాగ్, కర్నూలు అన్నీ అందులోవే. తెలంగాణలో హైదరాబాద్, పటాన్‌చెరు, సంగారెడ్డి, నల్గొండ. గాలి నాణ్యత ప్రమాణాలు దాటిపోయాయనే ఆ లిస్టులో పెట్టారు. ఇలాంటి చోట ఆకుల మంటలు ఆపించడం మున్సిపాలిటీ చేసి తీరాల్సిన పనుల్లో ఒకటి, కాబట్టి మీరు అడిగితే ఎవరూ కాదనలేరు.

ఇన్‌హేలర్_అమ్మ

పెరటిమామిడి గారూ, ఆ పై ఫ్లోర్ వాళ్ళ స్థానంలో ఉన్న మనిషిగా రాస్తున్నా అండి. మా పాపకి ఆరేళ్ళు, ఆస్తమా. సాయంత్రం పూట ఎవరో ఆకులు కాలిస్తే కిటికీలు మూసినా సందుల్లోంచి వస్తుంది, రాత్రి పదకొండుకి దగ్గు మొదలై ఎగశ్వాస, నెబ్యులైజర్ పెట్టి కూర్చోవడం. పొద్దున స్కూల్ పోతుంది, మాకు నిద్ర పోతుంది. మంట వేసినవాళ్ళకి మా ఇంట్లో రాత్రి ఏం జరిగిందో తెలిసే దారే లేదు. మీరు కోపం తెచ్చుకోకుండా అడిగారు చూడండి, అదే చాలా పెద్ద విషయం మాకు.

ఆకులే కదా, ప్లాస్టిక్ కాదు కదా అనుకుంటారు చాలామంది. ఎండుటాకులు పైపైన భగ్గుమన్నా కింద తడి ఉంటే గంటల తరబడి రాజుకుంటూ పొగలోనే ఉంటాయి, ఆ పొగలో సన్నటి కణాలు, కార్బన్ మోనాక్సైడ్ అన్నీ ఉంటాయి. పీఎం 2.5 అంటారు కదా, ఆ సన్న కణాలకి రోజు సగటున మన దేశం పెట్టుకున్న హద్దు క్యూబిక్ మీటరుకి 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15 మాత్రమే. కుప్ప రగులుతుంటే పక్కింట్లో ఈ రెండూ దాటిపోవచ్చు. సాయంత్రం, తెల్లవారుజామున అయితే ఇంకా కష్టం, నేల దగ్గర గాలి చల్లబడి కదలదు, పొగ పైకి లేవకుండా ఇళ్ళ మధ్యే తిరుగుతుంది. వేపాకు పొగ మంచిదని అమ్మగారు అనొచ్చు, పెద్దవాళ్ళ మాట కాదనలేం, కానీ దోమని తరిమేంత పొగ పిల్లల ఊపిరితిత్తులకి మంచిది ఎలా అవుతుందండి. దోమలకి తెరలు కట్టుకోవచ్చు, నిలవ నీళ్ళు పారబోసుకోవచ్చు.

రిటైర్డ్_ఫైర్

బాబూ, నేను ఫైర్ సర్వీసులో పనిచేసి రిటైర్ అయ్యాను. టౌన్ సంగతి వాళ్ళు చెప్పారు, నేను పల్లె తోట సంగతి చెప్తాను, ఎందుకంటే ఎండాకాలం మాకొచ్చే ఫోన్లలో సగం కథ ఇలానే మొదలయ్యేది, ‘కొంచెం చెత్త అంటించామండీ, గాలొచ్చిందండీ’ అని.

ముందు చట్టం. ఆ 2016 రూల్స్ ముఖ్యంగా మున్సిపాలిటీలకి, వాటి చుట్టు పెరిగిన ప్రాంతాలకి పెట్టినవి. పంచాయతీలో అయితే ముందు పంచాయతీ సెక్రటరీని అడుగు, ఊళ్ళో ఏం తీర్మానం ఉందో చెప్తారు. కానీ ఊరైనా పట్నమైనా అందరికీ వర్తించేది భారతీయ న్యాయ సంహిత, 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. అందులో 287వ సెక్షన్ నిప్పు గురించే, ఇంతకుముందు ఐపీసీలో 285గా ఉండేది. నిప్పుతో నిర్లక్ష్యంగా ఉండి మనుషుల ప్రాణానికి ముప్పు తెచ్చినా, నీ దగ్గరున్న నిప్పు వల్ల ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోయినా ఆరు నెలల దాకా జైలు, లేదా 2,000 దాకా జరిమానా, లేదా రెండూ. రెండో మాట గమనించు, అంటించి ఇంటికెళ్ళి అన్నం తింటూ కూర్చుంటే కూడా ఆ సెక్షన్‌లోకి వస్తావు. పొగతో గాలి పాడు చేసి చుట్టుపక్కలవాళ్ళ ఆరోగ్యానికి హాని చేస్తే 280, అది 1,000 దాకా జరిమానా. తోట అడవి పక్కన ఉంటే మరీ జాగ్రత్త, రిజర్వ్ ఫారెస్టులో నిప్పు పెట్టడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరం, పక్క పొలంలో మంట అడవిలోకి పాకినా సమాధానం చెప్పాల్సింది మంట పెట్టినవాడే.

ఇప్పుడు అసలు సంగతి. కాల్చకుండా గడిస్తే కాల్చకు, అదే నా సలహా. తెగులు పట్టిన కొమ్మలో, ముళ్ళకంపో, ఇంకో దారి లేక కాల్చాల్సి వస్తే మాత్రం ఇలా చెయ్యి.

ఫిబ్రవరి చివరి నుంచి మే దాకా మధ్యాహ్నం పూట అసలు వద్దు. కోస్తాలో పదకొండు దాటాక సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది, వడగాలి రోజుల్లో పడమటి గాలి ఎటు తిప్పి కొడుతుందో ఎవరూ చెప్పలేరు. ఆకు కదలని పొద్దుట పూట చూసుకో, అది కూడా మంచు విడిచి పొగ పైకి లేచే టైము అయ్యాక. చుట్టూ పది అడుగుల మేర గడ్డి పరక లేకుండా పారతో చెక్కేసి మట్టి తేల్చు. పైన చూడు, కరెంటు తీగలు పోతున్నాయా, చెట్టు కొమ్మలు వంగి ఉన్నాయా. కొబ్బరి తోటలో చెట్టు మొదట్లో మంట పెడితే వేళ్ళు, బోదె రెండూ దెబ్బతింటాయి, చెట్టు ఏడాది పొడుగునా ఏడుస్తుంది. గడ్డివామి, పశువుల పాక, తాటాకు ఇల్లు ఏది కనుచూపు మేరలో ఉన్నా అక్కడ మంట మాట ఎత్తకు. నిప్పురవ్వ ఎంత దూరం పోతుందో నేను కళ్ళారా చూశాను, కాలిన తాటాకు ముక్క ఒకటి రోడ్డు దాటి అవతలి వీధిలో పూరింటి కప్పు మీద పడి వరసగా ఇళ్ళు అంటుకున్నాయి.

పెద్ద కుప్ప పెట్టకు. నడుం ఎత్తు కూడా వద్దు, మోకాలి ఎత్తు పోగు పెట్టి అది తగ్గాక చేత్తో కొంచెం కొంచెం వెయ్యి. పక్కన నీళ్ళ డ్రమ్ము, తడిపిన గోనెసంచులు, పార, పచ్చి వేపమండలు ఉండాలి. మోటారుంది కదా అని డ్రమ్ము మానేయకు, సరిగ్గా ఆ టైముకే కరెంటు పోతుంది. కిరోసిన్, పెట్రోలు పొయ్యకు. ముఖ్యంగా పెట్రోలు, అది పోసి అగ్గిపుల్ల వెతుక్కునే లోపు ఆవిరి నీ కాళ్ళ చుట్టూ చేరుతుంది, గీయగానే భగ్గున లేచి మొహం, చేతులు కాలుతాయి, అలాంటివాళ్ళని ఎంతమందిని ఆస్పత్రికి తీసుకెళ్ళామో. నైలాన్ చీర, పాలిస్టర్ లుంగీ వద్దు, నూలు బట్టలు కట్టుకో. పిల్లల్ని దగ్గరికి రానివ్వకు. కుప్ప కింద పాములు, ముంగిసలు చేరతాయి, అంటించే ముందు కర్రతో కదిపి చూడు.

గన్నేరు అన్నావు కదా, దాన్ని మాత్రం ఎక్కడా ఎప్పుడూ కాల్చకు. ఆ చెట్టు మొత్తం విషం, పొగ కూడా విషమే. జీడి తోటల వైపు వాళ్ళు జీడిగింజ తొక్కలు మంటలో వేస్తారు, ఆ పొగ తగిలితే ఒళ్ళు, కళ్ళు మండి వాస్తాయి. టైరు ముక్క, పైపు ముక్క, డ్రిప్పు గొట్టం, ఎరువు సంచి ఏదీ ఆ మంటలో పడకూడదు. భోగికి టైర్లు వేసే అలవాటు కూడా మానాలి మనవాళ్ళు, పండగ పూట పిల్లలంతా ఆ మంట చుట్టూనే ఉంటారు.

ఆర్పడం అందరూ తేలిగ్గా తీసుకుంటారు. పైన బూడిద తెల్లబడితే అయిపోయిందనుకుంటారు, నివురుగప్పిన నిప్పు అని ఊరికే అనలేదు పెద్దలు. నీళ్ళు పోసి పారతో తిరగేసి మళ్ళీ పోసి, ఆవిరి రావడం ఆగేదాకా కదపాలి. తర్వాత అరచేయి వెనక వైపు బూడిదకి జానెడు ఎత్తులో పెట్టి చూడు, సెగ తగిలితే ఇంకా ఉంది. అప్పటిదాకా అక్కడి నుంచి కదలకు. చెయ్యి దాటితే నువ్వే ఆర్పేద్దామని చూడకుండా వెంటనే 101 కొట్టు, 112 కొట్టినా కలుపుతారు. ఊళ్ళో వాళ్ళు ఏమనుకుంటారో అని ఆలస్యం చేసినవాళ్ళ వల్లే చిన్న మంటలు పెద్దవయ్యాయి.

అట్లాంటా_సైడ్

మీ బావగారు అట్లాంటా దగ్గర సరిగ్గా ఎక్కడుంటారో తెలీదు గానీ నేనూ అదే జార్జియా రాష్ట్రంలోనే ఉంటా, కమింగ్ అనే ఊరి వైపు. ఆయన చెప్పింది సగం నిజం అండి. 2021 జులై 1 నుంచి ఇక్కడ చేత్తో పోగేసిన ఆకులు, కొమ్మలు కాల్చడానికి స్టేట్ పర్మిట్ అక్కర్లేదు. కానీ కండిషన్స్ వినండి. మంటకి, అడవికి మధ్య కనీసం 25 అడుగులు, ఇల్లు షెడ్డు లాంటి ఏ కట్టడానికైనా 50 అడుగులు, పొద్దు పొడిచాక మొదలెట్టి పొద్దు గుంకే లోపు అయిపోవాలి, పూర్తిగా ఆరేదాకా మనిషి అక్కడే ఉండాలి, పాకకుండా జాగ్రత్తలు తీసుకోవాలి. మే 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా అట్లాంటా చుట్టుపక్కల, నార్త్ జార్జియాలో కలిపి 54 కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) పూర్తిగా బ్యాన్, ఎండాకాలం ఓజోన్ పెరుగుతుందని. ఇంట్లో చెత్త, ప్లాస్టిక్, కలప ముక్కలు, టైర్లు ఏడాది పొడుగునా కాల్చకూడదు. మెషిన్‌తో తోసి పెట్టిన పెద్ద కుప్పలకి వేరే పర్మిట్ కావాలి. ఇవన్నీ స్టేట్ లెవెల్ మాత్రమే, కౌంటీ, సిటీ వాళ్ళు ఇంతకన్నా గట్టి రూల్స్ పెట్టుకోవచ్చు, పైన హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం వాళ్ళవి వేరే.

ఇన్ని ఉన్నా ఇక్కడి ఫారెస్ట్రీ కమిషన్ వాళ్ళు ప్రతి ఏడూ చెప్పేది ఒక్కటే, జార్జియాలో అడవి మంటలకి నంబర్ వన్ కారణం ఇలా చెత్త కాలుస్తూ చెయ్యి దాటిన మంటలే అని. ఇక్కడ ఒక్కో ఇంటి చుట్టూ ఎకరం, రెండెకరాలు ఉన్నవాళ్ళు కాలుస్తారు. మా సబ్‌డివిజన్‌లో, అంటే కాలనీలో, ఇల్లూ ఇల్లూ మధ్య ఇరవై అడుగులు కూడా లేదు, యాభై అడుగుల రూలే కుదరదు కాబట్టి ఎవరూ కాల్చరు, కాగితం సంచుల్లో నింపి రోడ్డు పక్కన పెడితే వచ్చి పట్టుకెళ్తారు. మీ టౌన్ ఇంటికి ఈ కొలతలు పెట్టి చూసినా అక్కడ కాల్చడం కుదరదు, గోడ అవతలే నాలుగంతస్తులు ఉంది కదా.

పెరటిమామిడి

అందరికీ చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. ఇన్‌హేలర్_అమ్మ గారి పోస్ట్ అమ్మకి చదివి వినిపించాను, ఇంక వద్దులే అని తనే అంది. పై ఫ్లోర్ వాళ్ళకి కూడా వెళ్ళి చెప్పొస్తాను. ఇప్పుడు మిగిలింది ఒక్కటే, ట్రాక్టర్ ఎప్పుడొస్తుందో వచ్చేదాకా ఈ ఆకుని ఏం చేయాలి, కంపోస్ట్ అంటే వాసన, పాములు, చెదలు అని ఇంట్లో భయం. కొబ్బరి మట్టలు అయితే అసలు కుళ్ళవు కూడా.

మిద్దెతోట

నేను చెప్తానండి, ఇది నాకు ఇష్టమైన పని. వాసన వచ్చేది అన్నం, కూరల లాంటి తడి చెత్త ముద్దగా వేస్తే. ఎండుటాకు వాసన రాదు, వచ్చినా అడవిలో వాన తర్వాత వచ్చే మట్టి వాసనే. ఇనప మెష్ గానీ, పాత కంచె వల గానీ మూడు నాలుగు అడుగుల వెడల్పు, అంతే ఎత్తు గుండ్రంగా కట్టి నీడలో నిలబెట్టండి, అడుగున కొమ్మ ముక్కలు పరిస్తే గాలి ఆడుతుంది. అందులో ఆకులు నింపుతూ ఒక్కో జానెడు మందానికి పేడ నీళ్ళు చల్లండి, పుల్లటి మజ్జిగ కలిపినా మంచిదే. ఎండుటాకులో కార్బన్ ఎక్కువ, నైట్రోజన్ తక్కువ, సుమారుగా 50కి 1 ఉంటుంది, సూక్ష్మజీవులకి కావాల్సింది 30కి 1 దగ్గర, ఆ లోటు పేడతో, పచ్చి గడ్డితో, కూరగాయ తొక్కలతో తీరుతుంది. తడి ఎంత ఉండాలంటే పిడికెడు తీసి పిండితే చెయ్యి తడవాలి, నీళ్ళు కారకూడదు. మన వైపు కంపోస్ట్ కాకపోవడానికి పదిలో తొమ్మిదిసార్లు కారణం ఎండిపోవడమే, ఎండాకాలం వారానికి రెండుసార్లు నీళ్ళు పోయాలి. వేపాకు తొందరగా అవుతుంది, బాదం ఆకు, మామిడాకు దళసరి కాబట్టి ముందు తొక్కించి నలిపి వేయండి, లేకపోతే వానాకాలం వెళ్ళేదాకా అలాగే ఉంటుంది. మొత్తానికి ఐదారు నెలలు పెట్టుకోండి.

కంపోస్ట్ చేసే ఓపిక లేకపోతే మల్చింగ్ చేయండి, ఇది ఇంకా తేలిక. ఆకుల్ని అలాగే మామిడి, కొబ్బరి పాదుల్లో మూడు నాలుగు అంగుళాల మందాన పరిచేయండి, ఎండలకి నేల తడి ఆరదు, కలుపు రాదు, నీళ్ళు తక్కువ పోసినా చాలు. మొదలుకి మాత్రం ఆనించకండి, జానెడు ఖాళీ వదలండి, చెదలు చెట్టుకి ఎక్కకుండా ఉంటాయి. ఇంటి గోడకి కూడా ఆనించొద్దు. పాములు ఎండిన కదపని కుప్పల్లో చేరతాయి గానీ తడిగా ఉండి అప్పుడప్పుడూ తిరగేసే కుప్పలో చేరడం తక్కువ, తిరగేసేటప్పుడు చేత్తో కాకుండా పారతో తీయండి, కాళ్ళకి బూట్లు వేసుకోండి.

కొబ్బరి మట్టలకి ఈనెలు తీసి చీపుళ్ళు కట్టేవాళ్ళు మీ వైపే బోలెడుమంది, కబురు చేస్తే వచ్చి పట్టుకెళ్తారు. మిగిలిన ఆకు భాగం ముక్కలు చేసి పేడతో కొంచెం కుళ్ళనిచ్చి వానపాములు వేస్తే మంచి ఎరువు అవుతుంది, కాసరగోడ్‌లో ఉన్న కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ వాళ్ళు కొబ్బరి ఆకు కోసమే యూడ్రిలస్ అనే వానపాముల రకంతో పద్ధతి తయారు చేశారు. మీ పల్లె తోటకి అది బాగా పనికొస్తుంది, అక్కడ ఏడాది పొడుగునా మట్టలు రాలతాయి కాబట్టి సరుకుకి కొదవ లేదు. మట్ట మొదలు లావుగా ఉండే ముక్కలు పొయ్యిలోకి కావాలనేవాళ్ళకి ఇచ్చేయండి.

శానిటేషన్_డ్యూటీ

మిద్దెతోట మేడమ్ చెప్పినట్టు చేస్తే ట్రాక్టర్ కోసం ఎదురుచూసే అవసరమే సగం తగ్గుతుంది. పల్లెలో పంచాయతీకి చెత్త నుంచి సంపద కేంద్రం షెడ్డు ఉందేమో కనుక్కోండి, చాలా ఊళ్ళలో కట్టారు, తొట్లు ఉంటాయి, ఆకు తెచ్చి ఇస్తామంటే నడిపేవాళ్ళకి సంతోషమే.

అర్జీ రాసేటప్పుడు రెండు సంగతులు తప్పకుండా పెట్టండి, వారానికి సుమారు ఎన్ని గోనెసంచులు వస్తాయో, మీ దగ్గర ఏ రోజు ట్రాక్టర్ నిలబడటానికి వీలో. లెక్క ఉంటే రూట్ వేయడం మాకు సులువు. ఒక కాపీ మీద రిసీవ్డ్ అని సంతకం, తేదీ, ముద్ర వేయించుకోండి.

పెరటిమామిడి

తప్పకుండా అండి. గన్నేరు కత్తిరించిన కొమ్మలు మాత్రం ఏం చేయాలో చెప్పండి, కంపోస్ట్‌లో వేయొచ్చా? పక్కన గేదెలు తిరుగుతాయి.

మిద్దెతోట

గేదెలు తిరిగే చోట బయట అస్సలు పడేయొద్దు, ఎండిన గన్నేరు ఆకు తిన్నా పశువు చచ్చిపోతుంది. మీ ఆకుల రింగులో కూడా కలపకండి, ఆ ఎరువు కూరగాయలకి వేస్తారు కదా. చేతులకి గ్లౌజులు వేసుకుని కత్తిరించి విడిగా ఒక సంచిలో మూతి కట్టి, పైన గన్నేరు అని రాసి, ట్రాక్టర్ వాళ్ళకి నోటితో కూడా చెప్పి ఇవ్వండి. అది వచ్చేదాకా సంచి గేటు లోపలే పెట్టండి.